నీళ్లుంటేనే నిలిచే దీపం

గండికోటలో పొద్దుగూకే వేళ ఓ తమాషా జరుగుతుంటుంది. ఎర్రమల కొండల్ని కత్తితో కోసినట్టుండే లోయ, అట్టడుగున పెన్న నీళ్లు, అంచున బండల మీద కూర్చున్న జనం. సూర్యుడు అవతలికి దిగగానే ఒక్కొక్కరే లేచి, సెల్‌ఫోన్‌లో లైటు వేసుకుని, రాళ్ల మధ్య అడుగులు చూసుకుంటూ వెనక్కి నడుస్తారు. పిల్లలు మాత్రం ఊరుకోరు. ఆ లైటును లోయలోకి వేసి చూస్తారు. అవతలి గట్టు కనబడదు, కింద నీళ్లూ కనబడవు. వెలుగు ఎక్కడికి పోయిందో తెలియదు. కాసేపటికి ఫోను వీపు మాత్రం అరచేతికి వెచ్చగా తగులుతుంది.

లోయకు చాలని దీపం చేతిని వేడెక్కించిందన్న మాట! ఈ చిన్న సంగతిని పట్టుకుని కొందరు ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. ఎందుకంటే వాళ్ల దీపం ఆరిపోతే ప్రాణం పోయినట్టే. నీళ్లు నిండిన గుహల్లోకి ఈదుకుంటూ వెళ్లేవాళ్లు వాళ్లు.

చీకటి అంటే ఇదీ...

గండికోట చూసినవాళ్లలో చాలామంది అటునుంచి బెలుం గుహలకు వెళతారు. దారి దాదాపు 60 కిలోమీటర్లు. రెండూ నీళ్లు చేసిన పనే. గండికోట దగ్గర పెన్న గట్టి క్వార్ట్‌జైట్ రాతిని పైనుంచి కోసుకుంటూ దిగింది. కొలిమిగుండ్ల దగ్గరి బెలుంలో నీరు సున్నపురాతిని లోపలినుంచి కరిగించుకుంటూ పోయింది. మన ఇళ్లలో పరుచుకునే నాపరాయి ఉందే, ఆ జాతి రాయే అది. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల ఊసెత్తాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లపాటు బయటి ప్రపంచం వాటిని పట్టించుకోలేదు. 1982, 83 సంవత్సరాల్లో జర్మనీకి చెందిన డేనియల్ గెబాయర్ బృందం లోపలికి దిగి, కొలతలు తీసి, పటం గీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లని తేలింది. 1999లో పర్యాటక సంస్థ చేతికి వచ్చాక బురద ఎత్తిపోసి, బాట వేసి, దీపాలు అమర్చి, ఊపిరాడేందుకు పైనుంచి గాలి మార్గాలు దించి 2002లో జనానికి తెరిచారు. ఇప్పుడు చూడగలిగేది సుమారు కిలోమీటరున్నర. అందులో అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ. పైనున్న ప్రవేశద్వారం కంటే 46 మీటర్ల దిగువన ఉంటుంది. అక్కడో సన్నని నీటి పాయ కనబడుతుంది, కాస్త దూరం పారుతుంది, బండ కిందికి దూరి మాయమైపోతుంది. రెండు కిలోమీటర్ల అవతల బెలుం ఊళ్లోని బావిలో తేలుతుందని ఆ చుట్టుపక్కల చెప్పుకుంటారు.

అక్కడ నిలబడి ఉన్నప్పుడు కరెంటు పోయిందనుకోండి. అమావాస్య రాత్రయినా ఆరుబయట చుక్కల వెలుగు ఉంటుంది. కాసేపటికి కళ్లు అలవాటు పడతాయి. గుహలో ఆ ఆశ లేదు. గంటసేపు కళ్లు చించుకున్నా ముఖం ముందు ఆడించిన చెయ్యి కనబడదు. కళ్లు తెరిచి ఉన్నాయో మూసి ఉన్నాయో కూడా తెలియదు.

ఇప్పుడు ఆ నీటి పాయ వెంట ఓ మనిషి మునిగి వెళ్లాడని ఊహించుకోవాలి. ఊహ వరకే సుమా! బెలుంలో గానీ మరో చోట గానీ ఎవరూ ఆ ప్రయోగం చేయబోకండి. ఎంత గజ ఈతగాడికైనా గుహ నీళ్లు వేరే లోకం. చెరువులో, సముద్రంలో ప్రమాదం వస్తే పైకి తేలిపోవచ్చు. ఇక్కడ పైకి తేలితే తలకు తగిలేది బండ. వచ్చిన దారినే, అంత దూరమూ, వెనక్కి ఈదాలి.

1935లో ఇంగ్లండ్‌లోని వూకీ హోల్ అనే గుహలో గ్రాహం బాల్కూమ్, జాక్ షెపర్డ్ తదితరులు ఈ సాహసానికి దిగారు. ఇత్తడి శిరస్త్రాణం, సీసం బూట్లు, పైనుంచి పంపుతో గాలి కొట్టే గొట్టం... ఓడరేవుల్లో పనిచేసే డైవర్ల వేషం అది. ఆ తర్వాత వీపుకు సిలిండర్లు కట్టుకుని స్వేచ్ఛగా ఈదే రోజులు వచ్చాయి. వాటితో పాటే చావులూ పెరిగాయి. అమెరికాలో ఫ్లోరిడా గుహల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల ఉదంతాలన్నీ కూర్చి, షెక్ ఎక్స్‌లీ అనే గుహ ఈతగాడు 1979లో ఒక చిన్న పుస్తకం రాశాడు. అప్పటి నుంచి స్థిరపడిన నియమాలు కొన్ని ఉన్నాయి. బయటి నుంచి లోపలిదాకా తెగకుండా ఓ తాడు వేసుకుంటూ పోవాలి. గాలిలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలింది ఆపదకు. ఇక దీపాలు... ఒక్కొక్కరి దగ్గర మూడు. ఒకటి పెద్దది, రెండు అదనం. పెద్దది ఆరిందంటే ఎంత దగ్గరలో ఎంత అద్భుతం ఊరిస్తున్నా సరే, అదనపు దీపం వెలిగించుకుని వెనక్కి తిరగాల్సిందే. ఎక్స్‌లీ 1994లో మెక్సికోలోని జకటోన్ అనే లోతైన నీటి గుంటలో దిగి తిరిగి రాలేదు.

చిమ్నీ మీద నీటి చుక్క

దీపానికీ నీళ్లకూ పాత పగ. లాంతర్లు వాడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. బాగా కాలిన చిమ్నీ మీద చిన్న నీటి చుక్క పడితే చాలు, టప్పున పగిలేది. అమ్మ చేతి దెబ్బ కూడా వెంటనే పడేది. గుహల్లోకి వెళ్లే తొలినాటివాళ్లు కార్బైడ్ దీపాలు నెత్తిన పెట్టుకునేవారు. వాటిలో కార్బైడ్ గడ్డల మీద నీటి బొట్లు పడి, పుట్టిన గ్యాసు మండి వెలుగిచ్చేది. వెల్డింగు షాపుల ముందు వచ్చే వాసన దానిదే. పొడి గుహలో బాగానే ఉండేది, నీళ్లలో మునగగానే ఆరిపోయేది. కాబట్టి నీటిలోకి బ్యాటరీ దీపమే గతి.

తర్వాత హాలోజన్ బల్బులు వచ్చాయి. అవి మామూలు బల్బుకు అన్నదమ్ములే. వంద రూపాయల కరెంటు పోస్తే ఐదో పదో రూపాయల వెలుగు, మిగిలిందంతా వేడి. నీటిలో మునిగి ఉంటే ఆ వేడిని నీరే లాక్కుంటుంది. గట్టు మీద సరదాగా వెలిగించి, మరుగుతున్న గాజును నీళ్లలో ముంచితే మాత్రం చిమ్నీ కథే మళ్లీ. అందుకే ఆ దీపాలకు ‘నీటిలోకి దిగాకే స్విచ్ వేయండి’ అన్న హెచ్చరిక తోడయింది.

2000 సంవత్సరం ముందూ వెనకా హెచ్ఐడీ అనే రకం గుహ ఈతగాళ్లను బాగా ఆకట్టుకుంది. ఖరీదైన కార్ల ముందు తెల్లగా, కొంచెం నీలంగా మెరిసే లైట్లు ఉంటాయే... ఆ కుటుంబం. అది హాలోజన్ కంటే తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగిచ్చింది. ఒక్క చిక్కు... కరెంటు పోయి వచ్చాక వీధిలో సోడియం లైటు వెంటనే వెలగక, చల్లారేదాకా మొండికేయడం అందరూ చూసిందే. హెచ్ఐడీదీ ఆ స్వభావమే. పొరపాటున ఆర్పితే మళ్లీ వెంటనే వెలుగుతుందన్న నమ్మకం లేదు. గుహ మధ్యలో ఆ నిరీక్షణ ఎవరికి కావాలి?

చివరికి ఎల్ఈడీ వచ్చింది. పగలదు, వెంటనే వెలుగుతుంది, తగ్గించొచ్చు, పెంచొచ్చు. దీనితో బాధలన్నీ తీరాయనే అందరూ అనుకున్నారు. వేడి మాత్రం ఇంకో వేషంలో వచ్చింది.

బోరు మోటారు చెప్పే పాఠం

ఎల్ఈడీ చల్లని దీపమని ఒక అపోహ ఉంది. దాని ముందు చెయ్యి పెడితే వేడి తగలదు కాబట్టి అలా అనిపిస్తుంది. పాత బల్బు తన వేడిలో ఎక్కువ భాగాన్ని వెలుగుతో పాటే ముందుకు విసిరేసేది. ఎల్ఈడీ వెలుగును ముందుకు పంపి, వేడిని తన వీపు వెనక్కి తోస్తుంది. తీసుకున్న కరెంటులో సుమారు మూడో వంతో, మంచిరకమైతే సగం దాకానో వెలుగవుతుంది. మిగిలింది వేడే. 30 వాట్ల డైవింగ్ దీపమంటే దాదాపు 20 వాట్ల వేడి, అగ్గిపుల్ల తలకాయంత చిప్‌లలో పుడుతోందన్న మాట. దాన్ని ఎప్పటికప్పుడు బయటికి మోసుకుపోకపోతే చిప్ వేడెక్కుతుంది, వెలుగు తగ్గుతుంది, ఆయుష్షు తరుగుతుంది. మరీ ముదిరితే చచ్చిపోతుంది.

ఇది రాయలసీమ రైతుకు చెప్పాల్సిన పాఠం కాదు. కడప, అనంతపురం జిల్లాల్లో చీనీ తోట ఉన్న ఇంట్లో ఎవరినైనా అడగండి, బోరులోని సబ్‌మెర్సిబుల్ మోటారు ఎప్పుడు కాలిపోతుందో చెబుతారు. నీళ్లలో మునిగి ఉన్నంతకాలం కాదు, నీళ్లు తగ్గినప్పుడు! వందల అడుగుల లోతులో, సన్నని గొట్టంలో, గాలి సోకని చోట అంత పెద్ద మోటారు ఏళ్ల తరబడి తిరగగలుగుతోందంటే కారణం, పైకి పోయే నీరే దాని ఒళ్లు రాసుకుంటూ పోయి వేడిని ఎత్తుకుపోతుండటం. ఏప్రిల్‌లోనో మే నెలలోనో నీటి మట్టం దిగజారి, పంపు గాలి మింగడం మొదలెడితే, మోటారు తిరుగుతూనే ఉంటుంది గానీ దాన్ని చల్లబరిచే దిక్కుండదు. వైండింగు మాడుతుంది. బోరులోంచి పైపులన్నీ లాగి, మోటారును వైండింగు షాపుకు మోసుకెళ్లే రోజున ఇంటి మొత్తానికీ ముద్ద దిగదు. నీళ్లూ పోయాయి, మోటారూ పోయింది. చెట్లు మాత్రం ఎదురుచూస్తుంటాయి.

డైవింగ్ దీపం సరిగ్గా ఆ సబ్‌మెర్సిబుల్ మోటారే. నీళ్లుంటేనే నిలుస్తుంది. ఎందుకంటే నిశ్చలంగా ఉన్న గాలితో పోలిస్తే నీరు వేడిని సుమారు 24 రెట్లు సులువుగా తనలోంచి పోనిస్తుంది. అంతేకాదు, ఒక లీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించే వేడి కంటే ఒక లీటరు నీటిని వేడెక్కించడానికి మూడున్నర వేల రెట్లు ఎక్కువ వేడి కావాలి. అంటే ఎంత పోసినా కడుపు నిండని అతిథి! నీటిలో చల్లగా ఉండే దీపాన్నే గట్టు మీద పూర్తి వెలుగులో కొన్ని నిమిషాలు వదిలేస్తే చేత్తో పట్టుకోలేనంతగా కాలుతుంది.

మరి గుహ ఈతగాడు ఎప్పుడూ నీటిలోనే ఉంటాడు కదా, ఇబ్బందేమిటి అనిపించవచ్చు. అక్కడే ఉంది మెలిక. నీళ్లు నిండిన సొరంగం దాటాక మధ్యమధ్య కప్పు ఎత్తుగా ఉన్న చోట గాలి గదులు వస్తాయి. అక్కడ తల పైకెత్తుతాడు, దారి చూసుకుంటాడు, ఒక్కోసారి బండలెక్కి నడుస్తాడు. దీపం ఇప్పుడు గాలిలో ఉంది. అంటే, బోరులో నీళ్లు తగ్గాయి! ఆ సంగతి మరిచి దీపాన్ని పూర్తి జోరులో వెలిగించుకుని అరగంట కబుర్లాడితే తిరుగు ప్రయాణానికి దాని ఆరోగ్యం ఎలా ఉంటుందో చెప్పలేం. తెలిసినవాడు వెలుగు తగ్గించుకుంటాడు. లేదా చిన్న దీపానికి మారిపోతాడు.

లోపల కట్టుబడి కూడా ఓ కళే. చిప్ వెనక రాగి పలక, పలకకూ అల్యూమినియం ఒంటికీ మధ్య వేడిని దాటించే పేస్టు, ఆ ఒంటి బయట నీరు. వేడి ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతూ పోవాలి. పెళ్లి పందిట్లో వంటశాల నుంచి బంతి దాకా గిన్నెలు అందించుకుంటారే, అలా. మధ్యలో ఒక్కడు చెయ్యి చాపకపోయినా అక్కడే గుట్టపడుతుంది. పేస్టు సరిగా రాయక వెంట్రుక మందాన గాలి పొర మిగిలినా అంతే. ప్లాస్టిక్ ఒళ్లు తుప్పు పట్టదు, తేలిక, చవక. కానీ వేడిని పోనివ్వదు. అందుకే ఎక్కువ శక్తిగల దీపాలకు లోహపు ఒళ్లు తప్పదు. పైన గీతలు గీతలుగా రెక్కలుంటే మరీ మంచిది, నీరు తగిలే చోటు పెరుగుతుంది.

రైతులు మోటారుకు స్టార్టర్ పెట్టెలో రక్షణ పెట్టుకుంటారు. నీళ్లందకపోతే మోటారు తీసుకునే కరెంటు తగ్గుతుంది, పెట్టె అది పసిగట్టి మోటారును ఆపేస్తుంది. మోటారు బతుకుతుంది, నీళ్లొచ్చాక మళ్లీ వేసుకోవచ్చు. డైవింగ్ దీపంలోనూ వేడిని పసిగట్టే చిన్న సెన్సర్ ఉంటుంది. కానీ ఇది మోటారులా ఠక్కున ఆపేస్తే ఎలా? గుహ మధ్యలో, సన్నని ఇరుకులో, దీపం తన ప్రాణం కాపాడుకోవడానికి ఆరిపోతే మనిషి ప్రాణం సంగతేమిటి? అందుకే మంచి దీపం ఆరదు, మెల్లమెల్లగా తగ్గుతుంది. వేడి హద్దు దాటిన కొద్దీ కరెంటు తగ్గించుకుంటూ, మసకగానైనా వెలుగుతూనే ఉంటుంది. బ్యాటరీ విషయంలోనూ ఇదే ధర్మసంకటం. కొన్ని దీపాలు బ్యాటరీ చివరి బొట్టు దాకా ఒకే వెలుగుతో వెలిగి హఠాత్తుగా చస్తాయి. ముఖానికి అందంగా ఉంటుంది గానీ ముందస్తు కబురుండదు. పాత టార్చిలైటు ఎర్రబడి, నీరసించి, గంటసేపు మిణుకుమిణుకుమంటూ ఉండేది. అదనపు దీపంగా ఆ నీరసపు రకాన్నే కోరుకునే ఈతగాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లది పాతకాలపు చాదస్తమని కొట్టిపారేయలేం.

ఎక్కువ వెలుగు... ఎవరికి?

ఇంట్లో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు దాదాపు 900 ల్యూమెన్ల వెలుగిస్తుంది. డైవింగ్ దీపాలు అమ్మేవాళ్లు అట్టపెట్టె మీద వేలకు వేల ల్యూమెన్లు అచ్చేస్తారు. చీరల కొట్లో తగ్గింపు ధరల బోర్డులా అది కంటికి ఇంపే. కానీ లెక్క చూడండి. రెట్టింపు దూరంలోని రాయి మీద అంతే వెలుగు పడాలంటే నాలుగు రెట్ల వెలుగు కావాలి. అదీ గాలిలో. నీరైతే దారిలో కొంత తాగేస్తుంది కూడా. నాలుగు రెట్ల వెలుగంటే నాలుగు రెట్లకు మించిన కరెంటు, ఎందుకంటే గట్టిగా తోమిన కొద్దీ ఎల్ఈడీ పనితనం తగ్గి వేడి వాటా పెరుగుతుంది. ఇక బ్యాటరీ... 10 వాట్ల దీపాన్ని 5 గంటలు మోసేది 50 వాట్ల దీపాన్ని ఒక్క గంట మాత్రమే మోయగలదు. లోపలికి మూడు గంటల ప్రయాణం పెట్టుకున్నవాడికి ఆ ఒక్క గంట వైభవం ఎందుకు?

అందుకే వాళ్లు వెలుగును పెంచే బదులు కూడదీస్తారు. గది అంతా పరుచుకునే వెలుగు కాకుండా, కర్రలా సన్నగా, సూటిగా పోయే కిరణం. తక్కువ వాట్లతోనే అది దూరం పోతుంది. దానికి ఇంకో వాడుక కూడా ఉంది. నీటి అడుగున మాట్లాడుకోలేరు కదా, ఆ కిరణమే వాళ్ల నోరు. ముందున్నవాడి ఎదుట గోడ మీద మెల్లగా సున్నా చుడితే ‘బాగున్నావా’ అని, తిరిగి సున్నా చుడితే ‘బాగున్నా’ అని. గబగబా అటూ ఇటూ ఆడిస్తే ఆపద. జట్టులో ఒక్కడు మరీ పెద్ద దీపం తెచ్చుకుంటే మిగతావాళ్ల సున్నాలన్నీ ఆ వెలుగులో కొట్టుకుపోతాయి. పెళ్లి ఊరేగింపు బ్యాండులో పక్కవాడి కేక వినబడనట్టే.

ఇక బురద సంగతి. గుహల అడుగున పిండిలాంటి మెత్తని మట్టి పేరుకుని ఉంటుంది. కాలి రెక్క ఒక్కసారి తగిలితే లేచి, నీళ్లు పాలలా మారిపోతాయి. అప్పుడు దీపం ఎంత పెద్దదైతే అంత నష్టం. శీతాకాలం తెల్లవారుజామున మంచులో కారు హైబీమ్ వేసి చూడండి, ఎదుట తెల్లటి గోడ లేచి నిలబడుతుంది. నీటిలోనూ అంతే. వెలుగు రేణువుల మీద పడి వెనక్కి తిరిగి కంట్లోనే గుచ్చుతుంది. అలాంటప్పుడు కాపాడేది తాడు. కళ్లు మూసుకున్నట్టే భావించి, బొటనవేలు చూపుడువేలు మధ్య తాడును ఆనించుకుని బయటికి రావాలి.

ప్రపంచమంతా ఊపిరి బిగబట్టి చూసిన ఉదంతం ఇదే. 2018 జూన్ 23న థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలోకి 12 మంది పిల్లలు, వాళ్ల ఫుట్‌బాల్ కోచ్ వెళ్లారు. వాన ముంచెత్తి వెనక దారి మూసుకుపోయింది. జులై 2న జాన్ వోలాంథెన్, రిక్ స్టాంటన్ అనే బ్రిటిష్ ఈతగాళ్లు బురదనీటిలో తాడు వేసుకుంటూ పోయి, ఒక గాలి గదిలో తల పైకెత్తి దీపం తిప్పితే పిల్లలు కనబడ్డారు. పదమూడు మందీ బతికే ఉన్నారు. జులై 8 నుంచి 10 మధ్య అందరినీ బయటికి తెచ్చారు. ఆ ప్రయత్నంలోనే జులై 6న సమన్ కునన్ అనే మాజీ నౌకాదళ ఈతగాడు ప్రాణం కోల్పోయాడు. గుహలో నీటి మట్టం తగ్గించడానికి పంపులు రాత్రింబవళ్లు పనిచేశాయి. ఆ పంపుల పనికి సలహా ఇవ్వడానికి మన దేశం నుంచి కిర్లోస్కర్ బ్రదర్స్ నిపుణులు కూడా వెళ్లారు. మోటార్లూ దీపాలూ ఒకే బురదలో కలిశాయి.

అంత దూరం ఎందుకు... 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగినప్పుడు తెలుగువాళ్లందరూ టీవీల ముందు కూర్చున్నారు. వరద గోదారి ఎర్రగా, సుడులు తిరుగుతూ ఉంది. అలాంటి నీళ్లలో ఎంత లైటు తీసుకెళితే ఏం లాభం? కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం, విశాఖ నుంచి వచ్చిన డైవర్లు కలిసి అక్టోబరు 22న దాన్ని బయటికి లాగేసరికి అయినవాళ్ల కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలకు నెల రోజులు దాటిపోయింది. ఎర్రనీటి అడుగున పనిచేసేది కళ్లు కాదు, వేళ్లు.

గుహకూ వేడి తగులుతుంది

ఇంతవరకూ దీపం వేడి దీపానికి చేసే చేటే చూశాం. గుహకు చేసే చేటు మరొకటుంది. ఊరికే నిలబడిన మనిషి ఒళ్లు సుమారు 100 వాట్ల బల్బంత వేడి వదులుతుంది. 500 వాట్ల హాలోజన్ దీపం ఒకటి వెలిగిస్తే అక్కడ ఐదుగురు మనుషులు, సెలవు లేకుండా, రోజంతా నిలబడి ఉన్నట్టు. వేల ఏళ్లుగా ఒకే చల్లదనంలో, ఒకే తడిలో ఉన్న రాయి ఆ దీపం పక్కన ఎండిపోతుంది. అంతకన్నా విచిత్రం... వెలుగు పడిన చోట పచ్చదనం మొలుస్తుంది! జనం కాళ్లతో, బట్టలతో మోసుకొచ్చిన నాచు కణాలకు వెలుగూ వెచ్చదనమూ తడీ ఒకచోట దొరికితే ఇంకేం కావాలి? ఫ్రాన్స్‌లోని లాస్కో గుహలో వేల ఏళ్ల నాటి జంతువుల బొమ్మలున్నాయి. 1948లో జనానికి తెరిచారు. వాళ్ల ఊపిరి, వేడి, దీపాల వెలుగు కలిసి గోడల మీద పచ్చని నాచు పాకింది. 1963లో మూసేశారు. 1983 నుంచి యాత్రికులు చూస్తున్నది పక్కనే కట్టిన నకలు గుహను.

గుహలో దీపాలు పెట్టేవాళ్లకు అప్పటి నుంచి కొన్ని సూత్రాలు తెలిసొచ్చాయి. రాతికి దూరంగా పెట్టడం, తక్కువ వాట్లతో సరిపెట్టడం, మనుషులున్నప్పుడే వెలిగించి వాళ్లు దాటగానే ఆర్పడం. ఎల్ఈడీ ఇక్కడ నిజంగా మేలు చేసింది, వెలుగులో కాల్చే వేడి లేదు కాబట్టి. కానీ దాని వీపు మాటేమిటి? గుహలో నీటి ప్రవాహం లేదు, గాలి కదలదు. దీపం వేడి దీపం దగ్గరే గుట్టపడుతుంది.

ఈ చిక్కు ఇంట్లో కూడా ఉంది. వరండాలో మూసిన గాజు బుడ్డిలో పెట్టిన ఎల్ఈడీ బల్బు ఏడాది తిరక్కుండా పోతే కంపెనీని తిట్టేస్తాం. చాలాసార్లు పోయేది వెలుగిచ్చే చిప్ కాదు. దాని మెడలో కరెంటును సరిచేసే సర్క్యూట్‌లోని కెపాసిటర్. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ల మోటు లెక్క. బుడ్డి మూత తీసి గాలి ఆడేలా చేస్తే అదే బల్బు ఇంకొన్నాళ్లు లాగిస్తుంది.

ఈసారి బెలుం వెళ్లినప్పుడు పిల్లలకు ఓ పని అప్పజెప్పండి. కోటిలింగాలు, వేయి పడగలు అందరూ చూపిస్తారు. దారి పక్కన దీపాలున్న చోట రాతిని చూడమనండి. ముట్టుకోనివ్వకండి, చూస్తే చాలు. దీపానికి దగ్గరగా ఉన్న రాయి, దూరంగా ఉన్న రాయి ఒకేలా తడిగా ఉన్నాయా, ఎక్కడైనా పచ్చగా మచ్చ పాకిందా? పాతాళగంగ దగ్గరికి వచ్చాక చేతిలో ఉన్న ఫోను లైటు ఆర్పేయమనండి. అప్పటికే అది వెచ్చబడి ఉంటుంది.